ముగ్గురు చూసిన పేపరు

గత వారం ఒక తలుపుకి లోపలి నుంచి తాళం పడిన దగ్గర ఆగాం. ఆ తాళం ఎందుకు పడిందో మరిచిపోయినవాళ్ళ కోసం, అసలు ఆ గుమ్మం దాకా రానివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పుకుని లోపలికి వెళ్దాం.

పబ్లిక్ పరీక్షల రోజులు. ఆ ఉదయం సైన్సు పరీక్ష. సెంటరు బాధ్యతంతా హెడ్‌మిస్ట్రెస్ నెత్తిన ఉంది. ఆవిణ్ణి పిల్లలు చాటుగా గంటమ్మ అంటారు. బెల్లు కొట్టాల్సిన మనిషి ఒక్క క్షణం అటూఇటూ అయితే ఆవిడే విసవిసా వెళ్ళి కొట్టేస్తుందని ఆ పేరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండటమూ తెలుసు. ప్రశ్నపత్రాల కట్ట మీద సైన్సు అనే రాసి ఉంది, సీళ్ళు చెక్కుచెదరలేదు, ఇద్దరు సాక్షుల ఎదుట ఆవిడ కవరు అంచు కత్తిరించింది. లోపల్నించి బయటపడింది లెక్కల పేపరు! ఎల్లుండి జరగాల్సిన పరీక్షది. అచ్చువేసిన చోట ఎవరో పప్పులో కాలేశారు, ఆ మరక వచ్చి ఈవిడ చీరకి అంటుకుంది.

సాక్షుల్లో ఒకరు డిపార్ట్‌మెంటు తరఫున వేరే స్కూలు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. రెండోవాడు ఈ స్కూల్లోనే గుమస్తాగా పనిచేసే ఆవిడ సొంత తమ్ముడు. ఆవిడా మాస్టారూ బీరువాలో తక్కిన కట్టల మీద రాతలు సరిచూసుకుంటుంటే తమ్ముడు బల్ల దగ్గర కాపలా ఉన్నాడు. తర్వాత ఆవిడ బల్ల మీది ల్యాండ్‌లైన్ నుంచి పరీక్షల ఆఫీసరుకి ఫోన్ చేసింది. ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "తక్కిన కట్టలు ముట్టుకోకండి. తలుపు మూసెయ్యండి. మీ ముగ్గుర్లో ఒక్కరు కూడా గడప దాటడానికి వీల్లేదు. సెల్ ఫోన్లు కట్టేసి బీరువాలో పడెయ్యండి. సైన్సు పేపర్లు పక్క సెంటర్ల నుంచి నేను పంపిస్తాను. మళ్ళీ ఫోన్ చేస్తాను."

ఆవిడ తాళం వేసింది. ఆయన ఇంతవరకూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఆ గది ఒకప్పుడు కెమిస్ట్రీ సామాను పెట్టుకునే గది. ఒకటే తలుపు, ఒకటే కిటికీ, కిటికీకి ఊచలు, ఊచల మీద దోమల జాలి. రహస్యంగా ఉంచాల్సిన కాగితాలకి ఇంతకంటే భద్రమైన చోటు స్కూలు మొత్తమ్మీద లేదని ఆవిడే ఏరికోరి ఎంచుకుంది. కాగితాలకి నప్పిన గది మనుషులకి ఎలా ఉంటుందో అప్పుడు తట్టలేదు. ఎప్పుడో ఒలికిన యాసిడ్ వాసన ఆ గోడల్ని ఇంకా వదల్లేదు. దానికి తోడు సీళ్ళ లక్క వాసన. పైన ఫ్యాను ఉంది గానీ వేస్తే కట్ట విప్పిన కాగితాలు ఎగురుతాయి, ఎగిరితే మళ్ళీ కళ్ళబడతాయి. వాటిని బోర్లించి, మీద స్టాంపు ప్యాడ్ల డబ్బా బరువు పెట్టి, ఫ్యాను స్విచ్చి దగ్గరికి ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. ముగ్గురికీ చెమటలు కారిపోతున్నాయి.

గోడకి అవతల పరీక్ష గదులు. జవాబు పుస్తకాలు పంచేశారు, నంబర్లు వేసేసుకున్నారు, ఇక రాయడానికి ప్రశ్నలే లేవు. మొదట అక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. కాసేపటికి గుసగుసలు. ఇప్పుడు సంత.

జాలి అవతల ఓ పెద్ద నీడ పడింది. డ్రిల్లు మాస్టారు. ఆయన గుసగుసలాడినా గ్రౌండు దాటి వినపడుతుంది.

"మేడమ్! పిల్లలు ఆగట్లేదు మేడమ్! పేపరేదీ అంటున్నారు!"

"మెల్లిగా మాస్టారూ. వస్తోందని చెప్పండి."

"చెప్పాను. ఎప్పుడంటున్నారు. నేను అందర్నీ కూర్చున్నచోటే చేతులు పైకెత్తి ఊపిరి పీల్చమన్నాను. కాస్త సద్దుమణిగారు."

"ఇంకా ఎత్తే ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. నేను చెప్పేదాకా దించరు."

"దించమనండి మహానుభావా! అవి రాయాల్సిన చేతులు."

నీడ పరిగెత్తింది. ఇంకో రోజైతే ఆవిడ పకపకా నవ్వి ఉండేది. పదవీ విరమణకి ఇంకెంతో దూరం లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మెమో అందుకోలేదు. ఇప్పుడు తన సెంటర్లో పిల్లలు కలాలు పట్టుకుని గోడలు చూస్తున్నారు, తనేమో వాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఉండి కూడా వాళ్ళ ముందుకి వెళ్ళలేకపోతోంది.

లెక్కల మాస్టారు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుందావిడ.

"మూడో లెక్క తప్పు" అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

"ఏమిటి?"

"ఇచ్చిన కొలతలతో ఆ త్రిభుజం ఏర్పడదు మేడమ్. ఎల్లుండి పిల్లలందరూ దాని దగ్గర కూర్చుని జుట్టు పీక్కుంటారు. చెప్పాలంటే చూశానని ఒప్పుకోవాలి. చెప్పకుండా ఉందామంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు."

"మీరు దాన్ని చేస్తున్నారా, ఇక్కడ కూర్చుని?"

"చెయ్యకూడదనే అనుకుంటున్నాను. అదే అయిపోతోంది."

ఆవిడకి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ భాష టీచరు. ఆ పేపరు ఎంతసేపు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. కళ్ళ ముందు పడిన ఆ క్షణంలో ఆవిడకి గుర్తున్నదల్లా పైన 'గణితము' అన్న మాటా, దాని కింద ఓ గుండ్రటి బొమ్మా. కాబట్టి ఆవిడ తన గురించి భయపడలేదు. మాస్టారి గురించి కూడా భయపడలేదు. ఆయనకి పిల్లల్లేరు, ఆ పేపరుతో ఆయనకి పనేముంది?

ఆవిడ భయమంతా మూలనున్న స్టూలు మీద కూర్చుంది.

తమ్ముడు ఇంట్లో అక్కా అంటాడు, స్కూల్లో మేడమ్ అంటాడు. ఇవాళ ఈ గదిలో తాళం పడ్డప్పటి నుంచీ అక్కా అనే అంటున్నాడు. అమ్మ పోయేనాటికి వీడు చెప్పులు ఎడమా కుడీ తేడా తెలియని వయసు. ఈవిడే జడలు వేసుకుంటూ, వీడికి లాగూ గుండీలు పెడుతూ, ఇద్దరి సంచులూ ఒక భుజాన్నే వేసుకుని బడికి తీసుకెళ్ళింది. వాడికి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి తక్కిన సబ్జెక్టులన్నీ నల్లేరు మీద నడక, లెక్కలంటే మాత్రం కడుపునొప్పి. బళ్ళో పెట్టిన కిందటి పరీక్షలో లెక్కలు తప్పింది. అంతకు ముందూ తప్పింది. పబ్లిక్ పరీక్ష ఇంకో సెంటర్లో రాస్తోంది. వేరే సెంటరు కాబట్టే తమ్ముడికి ఇక్కడ డ్యూటీ వెయ్యడంలో రూలు అడ్డురాలేదు.

"అక్కా, ఒక్కసారి బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తాను" అన్నాడు వాడు.

"ఆఫీసరుగారు వచ్చాక."

"అప్పటిదాకా ఎలా?"

"మాకు లేదా కష్టం? కూర్చో."

కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. జాలి దగ్గరికెళ్ళి బయటికి చూసి వచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు, దించాడు.

"మీ మరదలు ఒక్కతే ఉంది. ఒంట్లో బాగాలేదు పొద్దుట్నించీ. ఒక్క ఫోన్ చేసుకోనియ్యవా?"

"పొద్దున్నే గుమ్మంలో నిలబడి నాకు చెయ్యి ఊపింది. అప్పుడు బాగానే ఉందే!"

వాడు జాలి దగ్గరికి పోయాడు. లెక్కల మాస్టారు కళ్ళు తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మళ్ళీ మూసుకున్నాడు, అన్నీ విననట్టు. ఇలాంటి మనిషితో గదిలో ఇరుక్కుంటే ఉన్నా లేనట్టే.

తమ్ముడు ఈసారి ఆవిడ పక్కకొచ్చి వంగి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా. కట్ట విప్పినప్పుడు మీరిద్దరే ఉన్నారని చెప్పు. నేను తర్వాత వచ్చానను. మాస్టారు కాదనరు. నన్ను వదిలెయ్యి. ఒక్క అరగంట. వెళ్ళి వచ్చేస్తాను."

"ఎక్కడికి?"

వాడు తాళం కేసి చూశాడు.

"నీ కూతురికి ఉప్పందించడానికేగా?"

"కాదు."

"మరి దేనికి? చెప్పు. చెప్పవేం? ఆ పేపరు చూడగానే నీ కళ్ళు కిందికెలా పరిగెత్తాయో నేను చూడలేదనుకుంటున్నావా? నిన్ను పెంచినదాన్నిరా. నీ మొహం నాకు కొత్తా?"

"నీకర్థం కాదక్కా."

"నాకెందుకర్థం కాదు? ఆ పిల్ల ఏడిస్తే నాకు బాధ లేదా? మొన్న నా ఒళ్ళో తలపెట్టుకుని అత్తా, ఈసారి కూడా పోతే నేనిక బడి మొహం చూడనంది. నేనేమన్నాను? పోతే ఇంకోసారి రాద్దువుగానీ, నేను పక్కన కూర్చుంటానన్నాను. అంతేగానీ, నీ కోసం పేపరు ఎత్తుకొస్తానని అనలేదు. ఇవాళ ఈ నాలుగు గోడల మధ్య నువ్వు అడుగుతున్నది అదేరా!"

వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయాడు. అదే క్షణాన బల్ల మీద ఫోన్ గణగణ మోగింది.

"అమ్మా, నమస్కారం" అన్నాడు పరీక్షల ఆఫీసరు. ఇందాకటి కంగారంతా పోయి గొంతు తేనెలో ముంచినట్టుంది. "సైన్సు పేపర్లతో జీపు బయల్దేరింది. మీ గేటు దగ్గరికి వచ్చేస్తుంది. పిల్లలకి పోయిన టైమంతా కలిపి ఇచ్చేద్దాం. ఆ దిగులు వదిలెయ్యండి."

ఆవిడ గుండెల మీంచి బండ దిగినట్టయింది. "చాలా సంతోషం సార్."

"ఇక ఆ రెండో విషయం. దాన్నేం చేద్దామంటారు?"

"మీరే చెప్పాలి సార్."

"మీరు సీనియర్లు. మీకు చెప్పేంతటివాణ్ణి కాదు. ఆ కవరుంది కదా, దాన్ని మళ్ళీ అంటించెయ్యండి. లక్క ఉంది, సీలుంది, మీ చేతిలో పనేగా. ఎల్లుండి లెక్కల కట్టలతో పాటు మామూలుగా విప్పెయ్యండి. సైన్సు పేపర్లు తక్కువ పడ్డాయి, తెప్పించుకున్నారు. అంతే జరిగింది. వింటున్నారా?"

వింటోంది. చెమట మెడ మీంచి వీపు మీదికి జారుతోంది.

"అంటే సార్, విప్పలేదని సంతకం పెట్టాలా?"

"విప్పారని ఎవరు చూశారమ్మా?"

"ముగ్గురం చూశాం."

"మీరు ముగ్గురూ ఒకటేగా!"

ఆవిడ తల తిప్పి చూసింది. మాస్టారు కళ్ళు తెరిచి ఆశగా తలాడిస్తున్నాడు, ఒప్పుకోండి ఒప్పుకోండి అన్నట్టు. తమ్ముడైతే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాడి చూపు తలుపు మీదే ఉంది. తనిప్పుడు సరేనంటే చాలు, అసలు ఏమీ జరగలేదు కాబట్టి ఎవర్నీ ఆపాల్సిన పనీ లేదు. తాళం తీసెయ్యొచ్చు. ముగ్గురూ బయటికి పోవచ్చు. వీడు తిన్నగా ఇంటికి పోతాడు.

"ఆ మాట రాసి పంపిస్తారా సార్?"

అవతల ఏదో ఫైలు మూసిన చప్పుడయింది.

"ప్రతిదీ రాతలో పెడితే ఆఫీసులు నడుస్తాయా అమ్మా?"

"మీరు నోటితో చెప్తారు. నేను చేత్తో సంతకం పెడతాను. రేపు ఏదైనా బయటపడితే మీ మాట గాల్లో ఉంటుంది సార్, నా సంతకం కాగితం మీద ఉంటుంది."

తేనె ఇగిరిపోయింది. "అయితే వినండి. మీరు ఒప్పుకోకపోతే నేను పైకి ఏం రాయాలి? కవరు మీద పేరు సరిగా చూసుకోకుండా వేరే కట్ట విప్పేసిందని రాయాలి. సస్పెన్షన్ ఆర్డరు సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది. లెక్కల పరీక్ష అన్ని చోట్లా రద్దవుతుంది. ఒక్కసారి ఊహించుకోండి. అంతమంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, అందరి నోళ్ళలోనూ మీ పేరే. ఎంతో దూరం లేదుగా రిటైర్మెంటు? ఎందుకొచ్చిన గొడవ?"

ఆవిడ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. అన్ని దారులూ మూసుకుపోయిన గదిలో ఇదొక్కటే తలుపనిపించింది, అదీ ఆయనే పట్టుకుని నిలబడ్డాడు. అబద్ధానికి సంతకం పెడితే ఆయన చేతిలో బతకాలి. పెట్టనంటే ఆయన చేతిలో చావాలి.

అవతలి గదుల్లోంచి ఒక్కసారిగా పెద్ద గోల లేచింది. సైన్సు పేపర్లు వచ్చేశాయి కాబోలు. డ్రిల్లు మాస్టారి గొంతు అన్నిటినీ తొక్కుకుంటూ వచ్చింది: "కూర్చోండి! అందరికీ ఇస్తారు! కూర్చోండి!" తర్వాత బెంచీలు సర్దుకున్న చప్పుడు. తర్వాత కాగితాలు. తర్వాత, కలాలు పట్టుకున్న పిల్లల నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం వినగానే ఆవిడకి ఎక్కడి నుంచో ధైర్యం వచ్చింది. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కత్తిరించిన కవరు దగ్గరికి లాక్కుని, ఎర్ర సిరా కలం తీసింది.

"సార్, కవరు మీద రాస్తున్నాను. మీకు వినపడేలా చదువుతూనే రాస్తాను."

"ఏం రాస్తారు? ఆగండి. అమ్మా, ఆగండి!"

"'ఈ కవరు మీద సైన్సు అని ఉంది. సీళ్ళు సరిగా ఉన్నాయి. విప్పితే లోపల లెక్కల ప్రశ్నపత్రాలు ఉన్నాయి.'" ఆవిడ రాయడం ఆపలేదు. నల్లబల్ల మీద పిల్లలకి రాసినంత గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. "'వెంటనే పరీక్షల ఆఫీసరుగారికి ఫోన్‌లో తెలియజేశాను. ఈ పేపరును నేను, డిపార్ట్‌మెంటు తరఫున వచ్చిన లెక్కల మాస్టారు, మా గుమస్తా తప్ప ఎవరూ చూడలేదు. చూసిన ముగ్గురం గదిలోనే ఉన్నాం. పేపరులోని ఏ ఒక్క ప్రశ్నా ఈ గది దాటలేదు.'"

కింద సంతకం పెట్టింది.

"మేడమ్" అన్నాడు లెక్కల మాస్టారు నీరసంగా, "నన్ను కూడా ఇరికించేశారు."

"మిమ్మల్ని కాపాడాను మాస్టారూ. రండి. మీ సంతకం."

"నేను ఇంటికెళ్ళి ఆలోచించి..."

"ఇంటికెవరు పంపుతున్నారు మిమ్మల్ని?"

ఆయన లేచాడు. కలం పట్టుకుని కవరంతా మళ్ళీ చదివాడు, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. చేసేది లేక సంతకం గీశాడు. తమ్ముడి వంతు వచ్చింది. వాడు కదల్లేదు. ఆవిడ కలం చాపి పట్టుకునే ఉంది. చివరికి వచ్చి, కలం అందుకుని, పేరులో ఒక అక్షరం తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.

ఫోన్‌లో ఆఫీసరు ఇంకా ఉన్నాడు. ఊపిరి వినపడుతోంది.

"అయిపోయిందా?" అన్నాడు చివరికి.

"అయిపోయింది సార్."

"మీరు మామూలు మనిషి కాదమ్మా" అన్నాడు. అది తిట్టో పొగడ్తో ఆవిడకి తెలియలేదు. "ఉండండి. పైవాళ్ళతో మాట్లాడతాను. ఇక దాచడానికేముంది నా మొహం."

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. ఫోన్ మళ్ళీ మోగేసరికి ఆయన గొంతు ఇంకోలా ఉంది. తేనే లేదు, కారమూ లేదు. అలిసిపోయిన మనిషి గొంతు.

"అమ్మా, మీరు రాసింది రాసినట్టు పైవాళ్ళకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. చూసింది ముగ్గురే, ముగ్గురూ గదిలోనే ఉన్నారు, ప్రశ్నలు బయటికి పోలేదు. అంతేగా? అలాగైతే రద్దు చెయ్యక్కర్లేదన్నారు. లెక్కల పరీక్ష అన్ని చోట్లా అదే పేపరుతో జరుగుతుంది. మీ ముగ్గురు మాత్రం ఆ పరీక్ష అయ్యేదాకా స్కూల్లోనే ఉండాలి. కాపలా పెడతారు. ఇళ్ళకి కబురు మేమే పంపిస్తాం. కష్టమే. కానీ మీ మీద మాట రాదు. మీరు దాచలేదు కాబట్టే రాదు. నేను బయల్దేరాను, కవరు నా చేత్తో తీసుకెళ్తాను."

ఆవిడ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. అంతమంది పిల్లలు తమ తప్పేమీ లేకుండా మళ్ళీ చదివి మళ్ళీ రాయాల్సిన గండం తప్పింది. తను నిజం రాసింది, ఆ నిజమే కాపాడింది. ఎల్లుండి దాకా ఈ స్కూల్లో కాపలాలో ఉండటం ఓ లెక్కా?

లేచి కాగితాల మీది డబ్బాతో సహా కవరునీ కట్టనీ పక్కకి జరిపి, గుడ్డ కప్పి, ఫ్యాను వేసింది. పాత ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది. ఆ గాలి మొహానికి తగిలితే ఎన్నాళ్ళకో ఊపిరి ఆడినట్టయింది.

"విన్నావా?" అంది తమ్ముడి వైపు తిరిగి. గొంతు మెత్తబడింది. "ఇందాక కోపంలో ఏదో అన్నాను. మనసులో పెట్టుకోకు. పిల్ల తన చదువుతో తను రాసుకుంటుంది. పోయినా పరవాలేదు. నేనున్నానుగా."

తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోడకి జారిపోయి నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"ఆ కవరు చింపెయ్యి అక్కా."

"ఏమిటా మాటలు?"

"చింపెయ్యి. వాళ్ళు రాకముందే చింపెయ్యి. నువ్వు రాసింది నిజం కాదు."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మీరిద్దరూ బీరువాలో తల దూర్చి కట్టలు చూసుకుంటున్నారు" అన్నాడు వాడు నేల కేసి చూస్తూ. "సెల్లు నా జేబులోనే ఉంది. ఫొటో తీశాను. మీ మరదలికి పంపేశాను. ఎందుకు పంపానో నాకే తెలీదు. చెయ్యి దానంతటదే పనిచేసింది. పంపాక గుండె జారిపోయింది. చెరిపెయ్యమని రాద్దామనుకుంటుండగానే దాని దగ్గర్నుంచి జవాబొచ్చింది."

"ఏమని?" అందావిడ.

"'మనమ్మాయికి ఇవి చేసి చూపించేది ఎవరు? ఈ ఫొటో ట్యూషన్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్తున్నా' అని. అది చదివానో లేదో, నువ్వు చెయ్యి చాపి సెల్లు తీసేసుకున్నావు. తాళం వేసేశావు." వాడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నన్ను బయటికి పంపమన్నది చెప్పడానికి కాదక్కా. ఆపడానికి. ఒక్క అరగంట ఇచ్చి ఉంటే అది గుమ్మం దాటేలోపే పట్టుకునేవాణ్ణి."

ట్యూషన్ మాస్టారు. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆయన మేడ మీదే లెక్కలు నేర్చుకుంటారు. ఆయన మెట్ల కింద చెప్పులు గుట్టలుగా పడి ఉంటాయి.

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయాను. ఫోన్ మోగింది."

ఆవిడ లెక్కల మాస్టారి వైపు చూసింది. ఆయన ఎప్పుడో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, జాలిలోంచి ఖాళీ గ్రౌండుని శ్రద్ధగా చూస్తున్నాడు.

"మాస్టారూ, విన్నారుగా?"

"ఫ్యాను చప్పుడు మేడమ్" అన్నాడాయన వెనక్కి తిరక్కుండా. "నాకేమీ వినపడలేదు."

ఎర్ర అక్షరాలు బల్ల మీద మెరుస్తున్నాయి. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇందాక రాసినప్పుడు ప్రతి అక్షరం నిజమే అనుకుంది. ఇప్పుడు ఆ అక్షరాల మీదే ఎక్కడెక్కడి స్కూళ్ళకో ఆదేశాలు పోతున్నాయి. చింపితే తను దొంగ. ఉంచితే తను అబద్ధాలకోరు. నిజం చెప్తే ఎదురుగా నేల మీద కూర్చున్నవాడు జైలుకి పోతాడు. వాడితో పాటు వాడి పెళ్ళాం. ఆ పిల్ల ఇప్పుడు ఇంకో స్కూల్లో, ఏమీ తెలియకుండా, తలొంచుకుని సైన్సు రాసుకుంటోంది.

తలుపు మీద వేళ్ళతో తట్టిన చప్పుడు.

"అమ్మా, నేనే. తియ్యండి" అంది పరీక్షల ఆఫీసరు గొంతు.

తమ్ముడు లేవలేదు. అక్క పాదాల కేసి చూస్తున్నాడు, చిన్నప్పుడు దెబ్బలు తినే ముందు చూసినట్టు. ఆవిడ తాళంచెవి తిప్పింది. తలుపు కిర్రుమంది. వెలుగు లోపలికి పడింది. ఆ వెలుగులో ఆఫీసరూ, ఆయన వెనక ఇద్దరు పోలీసులూ నిలబడి ఉన్నారు. ఆయన బల్ల దగ్గరికొచ్చి, కవరు అందుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. తన సంతకానికి కింద చోటు చూసుకున్నాడు. జేబులోంచి కలం తీసి, మూత విప్పి, ఆగి, ఆవిడ మొహంలోకి చూశాడు.

"ముగ్గురేగా అమ్మా?" అన్నాడు.